మొహమాటం లేని ఎలుక కావాలి: మెదడు జబ్బులకు యానిమల్ మోడల్ ఎంచుకునే ముందు

ప్రతి ఏడూ సినాప్సిస్, అంటే థీసిస్ ప్రణాళిక, ఇచ్చే రోజులు దగ్గరపడేసరికి విశాఖ మద్దిలపాలెం టీ కొట్టు దగ్గర ఎవరో ఒక ఎం.ఫార్మ్ జూనియర్ నన్ను దొరకబుచ్చుకుంటారు. "అక్కా, మా గైడ్ పార్కిన్సన్స్ మీద చెయ్యమన్నారు. ఏ మోడల్ పెట్టుకోమంటావు? తొందరగా తెమిలిపోయేది ఏటైనా ఉంటే చెప్పక్కా." మోడల్ అంటే, మందుని పరీక్షించడానికి జంతువులో జబ్బునో దాని పోలికనో తెప్పించే పద్ధతి. నేను తిరిగి అడిగేది ఒక్కటే. నువ్వు పట్టుకొచ్చిన మొక్క సారంలో అసలు ఏ గుణమూ లేదనుకో. ఆ సంగతి నీ మోడల్ నీకు చెబుతుందా, లేక మొహమాటానికి పోయి అవునంటుందా?

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఎందుకంటే మనం మోడల్‌ని ఎంచుకునే పద్ధతే వేరు. సీనియర్ థీసిస్‌లో ఏముందో చూస్తాం, కాలేజీ స్టోర్స్‌లో ఏ కెమికల్ మిగిలిందో చూస్తాం, మిగతాది దేవుడికి వదిలేస్తాం. నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టడం లేదు.

మోడల్‌ని తూచడానికి మూడు తూకాలున్నాయి. 1984లో పాల్ విల్నర్ డిప్రెషన్ మోడళ్ల కోసం వీటిని వరుసగా పెట్టి చూపించాడు, ఇప్పుడు మెదడు జబ్బులన్నిటికీ ఇవే వాడుతున్నారు. వైవాలో ఫేస్, కన్‌స్ట్రక్ట్, ప్రిడిక్టివ్ వాలిడిటీ అని అప్పజెబుతాం కదా, అవే. నేను వాటిని రూపం, మూలం, జోస్యం అని గుర్తుపెట్టుకున్నాను. జబ్బు లక్షణాలు జంతువులో కనబడుతున్నాయా అన్నది రూపం. మనిషిలో జబ్బు ఏ కారణంతో వస్తుందో జంతువులోనూ అదే కారణం ఉందా అన్నది మూలం. మనిషిలో పనిచేసే మందు ఇక్కడా పనిచేసి, మనిషిలో పనిచేయనిది ఇక్కడా చేయకపోతే, అది జోస్యం. ఆ రెండో సగాన్ని అందరూ మరిచిపోతారు. మొహమాటం తెలిసేది అక్కడే.

మూడూ కలిసి రావడం అరుదు. అన్నిటికన్నా విచిత్రమైన ఉదాహరణ మన సర్పగంధిలోనే ఉంది. ఆ వేరు నుంచి తీసిన రిసర్పిన్, కదలికలకు కావాల్సిన డోపమిన్ అనే రసాయనం నిల్వల్ని మెదడులో ఖాళీ చేస్తుంది. పార్కిన్సన్స్‌లో ఆ డోపమిన్ తయారుచేసే కణాలే చచ్చిపోతాయి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం రిసర్పిన్ ఇచ్చి కదలకుండా పడేసిన కుందేళ్లకు మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించింది. అవి లేచి తిరిగాయి. ఇప్పటికీ పార్కిన్సన్స్‌కి పెద్ద మందు అదే. ఆ దారిలో చేసిన పనికే కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది. మరి ఆ కుందేళ్లలో ఒక్క నరకణమైనా చచ్చిందా? లేదు. జబ్బు మూలం అందులో లేనే లేదు, జోస్యం మాత్రం దివ్యంగా ఫలించింది. అయితే ఆ జోస్యం లక్షణాలు తగ్గించే మందుకే. కణాల చావును ఆపే మందు కావాలంటే రిసర్పిన్‌ని అడిగి లాభం లేదు, అక్కడ చచ్చే కణాలే లేవు.

అందుకే ముందు మీ సినాప్సిస్‌లో లక్ష్యం అని రాసిన వాక్యం చూసుకోండి. లక్షణం తగ్గించడమా, జబ్బును ఆపడమా? పార్కిన్సన్స్‌కి మన కాలేజీల్లో కనబడే నాలుగు దారుల్నీ ఆ వాక్యం పక్కన పెట్టి చూద్దాం.

హాలోపెరిడాల్ అనే మానసిక రోగాల మందు ఇచ్చి ఎలుకని బిగుసుకుపోయేలా చేసే కేటలెప్సీ అన్నిటికన్నా చవక. ఎలుక ముందు కాళ్లు రెండూ ఒక కడ్డీ మీద పెట్టి వదిలేస్తే, మామూలుది రెండు మూడు సెకన్లలో దిగిపోతుంది. మందు ఎక్కినది అలాగే ఉండిపోతుంది, మీసాలు మాత్రం ఆడుతుంటాయి. స్టాప్‌వాచ్ ఉంటే చాలు, వారంలో ఫలితాలు. ఇక్కడ జరిగేది డోపమిన్ రిసెప్టార్లకు తాళం వేయడం. తెల్లారేసరికి ఎలుక మామూలుగా తిరుగుతుంది. ఉమ్మెత్తలో ఉండే ఎట్రోపిన్, స్కోపొలమిన్ లాంటివి ఇచ్చినా ఈ బిగుసుకుపోవడం తగ్గుతుంది. మరి మీ సారం తగ్గించింది అంటే అది ఏం చేసినట్టు? ఈ మోడల్‌తో "యాంటీ పార్కిన్సన్ గుణం ఉండొచ్చు" అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. "న్యూరోప్రొటెక్టివ్", అంటే నరకణాల్ని కాపాడేది, అని రాస్తే మాత్రం అబద్ధమే. ఏటా బైండింగ్‌కి వెళ్లే థీసిస్‌ల మీద బంగారు అక్షరాల్లో ఆ మాటే మెరుస్తుంటే నాకు కడుపు మండుతుంది.

ఎంపీటీపీ కథ మనిషి దగ్గరే మొదలైంది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు దొంగచాటుగా తయారుచేసిన హెరాయిన్ లాంటి మత్తుమందు ఎక్కించుకుని, రోజుల్లోనే ముసలివాళ్ల పార్కిన్సన్స్‌లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ బృందం దాని వెనక ఉన్న మలినాన్ని పట్టుకుంది. అదే ఎంపీటీపీ. డోపమిన్ కణాల్ని నిజంగానే చంపుతుంది కాబట్టి మూలానికి దగ్గరగా వచ్చినట్టే. కానీ మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఎలుకలు, అంటే ర్యాట్లు, దీనికి పెద్దగా లొంగవు. సీ57 నల్ల చిట్టెలుకలు కావాలి, మన దగ్గర మామూలుగా దొరికే స్విస్ తెల్ల చిట్టెలుకలు అంత బాగా స్పందించవు. రెండోది, మనిషి జబ్బులో కనబడే లూయీ బాడీలు, అంటే కణాల్లో పేరుకునే ప్రొటీన్ ముద్దలు, ఇందులో సాధారణంగా రావు. మూడోది మరీ పెద్ద వల, దాని దగ్గర కాసేపు ఆగాలి.

ఎంపీటీపీ తనంతట తాను విషం కాదు. మెదడులోకి వెళ్లాక మావో-బి అనే ఎంజైమ్ దాన్ని ఎంపీపీ ప్లస్‌గా మారుస్తుంది. అది డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్ అనే తలుపు గుండా కణంలోకి దూరి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బకొడుతుంది. ఇప్పుడు మీ ప్లాన్ చూడండి: ఏడు రోజులు సారం తాగించి, ఆ తర్వాత ఎంపీటీపీ. మీ మొక్కలో మావో-బిని అడ్డుకునే పదార్థం ఏదైనా ఉంటే, విషం తయారవ్వనే అవ్వదు. ట్రాన్స్‌పోర్టర్‌ని మూసేది ఉంటే, తయారైన విషం లోపలికి పోదు. కణాలు బతికే ఉంటాయి, స్లైడ్ అందంగా ఉంటుంది, మీరు కాపాడామనుకుంటారు. దొంగని గేటు దగ్గరే ఆపేసి, ఇంట్లో తాళాలు బ్రహ్మాండమని మురిసిపోవడం లాంటిది అది. ఇప్పటికే కణాలు చచ్చి ఓపీకి వచ్చిన మనిషికి ఈ కాపాడటం దేనికీ పనికిరాదు. అందుకే ఎంపీటీపీ పెట్టేవాళ్లు కనీసం ఒక గ్రూపుకి మందుని విషం తర్వాత ఇవ్వాలి. డబ్బులుంటే మెదడులో ఎంపీపీ ప్లస్ ఎంత చేరిందో కొలిపించుకోవాలి. క్రియాటిన్, కోఎంజైమ్ క్యూ10 రెండూ ఎంపీటీపీ చిట్టెలుకల్లో బాగా పనిచేశాయి. మనుషుల్లో పెద్ద ట్రయల్స్ పెడితే ఫలితం లేదని మధ్యలోనే ఆపేశారు. ఇంకో మాట: ఇది మనిషికీ విషమేనని ఆ కాలిఫోర్నియా కుర్రాళ్లే చెప్పారు. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్, పంజరంలోని పొట్టు పారేసే పద్ధతి సరిగ్గా లేని చోట దీని జోలికి పోవద్దు.

డోపమిన్ కణాల్ని చంపే ఇంకో విషం సిక్స్ హైడ్రాక్సీ డోపమిన్ నాకు ఇష్టమైనది. రక్తం నుంచి మెదడులోకి పోదు కాబట్టి తలని కదలకుండా పట్టి సూదిని సరైన చోటికి దించే స్టీరియోటాక్సిక్ పరికరం బిగించి, సూదితో ఒక పక్కనే పెట్టాలి. ఒక పక్క కణాలు పోయిన ఎలుకకు డోపమిన్‌లా పనిచేసే ఎపోమార్ఫిన్ ఇస్తే దెబ్బతగలని వైపుకి గుండ్రంగా తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టొచ్చు. రెండో పక్క బాగానే ఉంటుంది కాబట్టి ఎలుక తన పోలిక తనే. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి దెబ్బ సరిగ్గా తగిలిందో మందు మొదలుపెట్టే ముందే తెలుస్తుంది. తిరగని ఎలుకని పక్కన పెట్టేయొచ్చు. ఈ సౌకర్యం మిగతా మూడింట్లోనూ లేదు. నెమ్మదిగా ఏళ్ల తరబడి ముదిరే జబ్బుకి దీనితో పోలిక లేదన్నది నిజమే, అందులో దాచేది లేదు. ఇంకో చిక్కు ద్రావణం. ఎస్కార్బిక్ యాసిడ్ వేసి, ఐస్‌లో, వెలుతురు తగలకుండా ఉంచకపోతే గాలికి పాడైపోతుంది. మేము మొదటిసారి చేసినప్పుడు ఏప్రిల్ నెల, ఏసీ పనిచేయలేదు. రెండో ఎలుకకి తలలో రంధ్రం పెట్టేలోపు నీళ్లలా ఉన్న ద్రావణం లేత టీ రంగుకి తిరిగింది. పారేయడానికి మనసొప్పక అదే ఎక్కించాం. ఆ బ్యాచ్‌లో ఆరు ఎలుకలు, ఒక్కటీ తిరగలేదు.

రోటినోన్ చేపల్ని మత్తెక్కించి పట్టడానికి వాడే మొక్క వేళ్లలో దొరికేదే. 2000లో గ్రీనమైర్ బృందం దీన్ని ఎలుకలకు రోజుల తరబడి ఎక్కించి, లూయీ బాడీల్లాంటివి తెప్పించింది. రూపంలోనూ మూలంలోనూ నాలుగింటిలో ఇదే ముందు. కానీ ఒకే డోసుకి ఒక ఎలుక చచ్చిపోతుంది, ఇంకొకటి ఏమీ జరగనట్టు గింజలు నములుతుంటుంది. గ్రూపుకి ఆరు ఎలుకలతో దీన్ని పెట్టుకుంటే చివర్లో గ్రూపుల్ని పోల్చే అనోవా లెక్క చేయడానికి సరిపడా మిగలవు. ఎనిమిది నెలల ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకి వద్దు, పీహెచ్‌డీకి సరే.

నా ఓటు ఎటంటే: లక్షణాల మీద ప్రశ్న అయితే హాలోపెరిడాల్ లేదా రిసర్పిన్ పెట్టి, నిజాయితీగా అంతవరకే రాయండి. కణాల చావు మీద అయితే, స్టీరియోటాక్సిక్ ఉన్న చోటికి వెళ్లి అయినా సిక్స్ హైడ్రాక్సీ డోపమిన్.

ఫిట్స్ సంగతికొస్తే, ఇక్కడ జోస్యం చాలా గట్టిది. 1930ల చివర్లో మెరిట్, పట్నం అనే ఇద్దరు డాక్టర్లు పిల్లులకు కరెంటు షాక్ ఇచ్చి, ఫెనిటోయిన్‌కి ఫిట్స్‌ని ఆపే గుణముందని కనిపెట్టారు. ఇవాళ్టికీ అది ఆసుపత్రుల్లో ఉంది. ఆ షాక్ పద్ధతే మన ఎంఈఎస్. చెవులకి క్లిప్పులు పెట్టి షాక్ ఇస్తే వెనక కాళ్లు బిగుసుకుని చాచుకుంటాయి, ఆ చాచడాన్ని మందు ఆపిందా అని చూస్తాం. పక్కనే పీటీజడ్, ఇంజెక్షన్‌తో తెప్పించే ఫిట్స్. ఫెనిటోయిన్ ఎంఈఎస్‌లో గెలుస్తుంది, పీటీజడ్‌లో ఓడుతుంది. ఎథోసక్సిమైడ్ సరిగ్గా తిరగేసి. మనుషుల్లోనూ మొదటిది ఒంటినిండా కొట్టుకునే ఫిట్స్‌కి, రెండోది చిన్నపిల్లలు కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఆబ్సెన్స్ రకానికి. రెండు మోడళ్లూ రెండు వేరే ప్రశ్నలు, ఒకదానికి మరొకటి బదులు కాదు.

ఇంత బాగా ఉన్న జంటకి ఒకసారి పరువు పోయింది. లెవెటిరాసిటమ్ రెండింట్లోనూ ఓడిపోయింది. రెండు పరీక్షల్నే నమ్ముకుంటే చెత్తబుట్టలో వేయాల్సిన మందు అది. కిండ్లింగ్ చేసిన జంతువుల్లో, అంటే చిన్న చిన్న ప్రేరణలు పదే పదే ఇచ్చి మెదడుకి ఫిట్స్ అలవాటు చేసిన వాటిలో పనిచేయబట్టి బయటపడింది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పుడు ఏ మందుల షాపులో అడిగినా ఉంటుంది. కారణం ఆలోచిస్తే కనబడేదే: ఎంఈఎస్, పీటీజడ్ రెండూ ఆరోగ్యంగా ఉన్న మెదడుకి బలవంతంగా తెప్పించిన ఒక్క ఫిట్. రోగి మెదడు అలాంటిది కాదు, అది ఫిట్స్‌కి మరిగిపోయిన మెదడు. మొహమాటంతో అవుననే మోడల్ ఒక రకం ప్రమాదం, అన్నిటికీ కాదనేది ఇంకో రకం. సమయం ఉంటే పీటీజడ్‌నే తక్కువ డోసులో రోజు విడిచి రోజు ఇచ్చి కిండ్లింగ్‌గా చేయండి. ఐదారు వారాలు పడుతుంది, కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు.

డిప్రెషన్‌కి అందరూ పరుగెత్తేది ఫోర్స్‌డ్ స్విమ్ దగ్గరికి. 1977లో పోర్సోల్ట్ పెట్టిన పరీక్ష. చిట్టెలుకని ఆరు నిమిషాలు గాజు సిలిండర్‌లో వదిలి, చివరి నాలుగు నిమిషాల్లో ఎంతసేపు ఈదకుండా తేలుతూ ఉందో కొలుస్తారు. మనుషులకు మూడు నాలుగు వారాలు పట్టే మందు ఇక్కడ గంటలోపే పనిచేసినట్టు కనబడుతుంది, అనుమానించడానికి అదొక్కటి చాలదా? పైగా కాఫీలోని కెఫీన్ లాంటిది ఏదిచ్చినా ఎలుక గిలగిలా కొట్టుకుంటుంది, తేలే సమయం తగ్గుతుంది. పక్కన ఎలుక మామూలుగా ఎంత కదులుతుందో కొలిచే యాక్టోఫోటోమీటర్ లెక్కలు లేని స్విమ్ టెస్ట్ ఫలితాన్ని నేను చదవను.

విశాఖలో దీనికి ఇంకో స్థానిక సమస్య ఉంది. నీళ్లు ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి. పొద్దున్న చేసిన కంట్రోల్ గ్రూపుకీ మధ్యాహ్నం చేసిన మందు గ్రూపుకీ నీళ్ల వేడిలో తేడా ఉంటే, మీరు కొలిచింది మందుని కాదు, ట్యాంకుని. థర్మామీటర్, ఐసు ముక్కల డబ్బా సిలిండర్ పక్కనే ఉండాలి. గ్రూపుల్ని కలిపి వంతులవారీగా చేయాలి.

రూపంలోనూ మూలంలోనూ క్రానిక్ మైల్డ్ స్ట్రెస్ చాలా మెరుగు. వారాల తరబడి చిన్న చిన్న ఇబ్బందులు పెడతారు: తడి పొట్టు, వంచిన పంజరం, రాత్రంతా లైటు. ఎలుకకి చక్కెర నీళ్ల మీద ఆశ తగ్గుతుంది. యాంటీడిప్రెసెంట్ వారాల పాటు ఇస్తే మళ్లీ తాగుతుంది, అచ్చం మనిషిలాగే టైమ్ తీసుకుంటుంది. కానీ ఇది యానిమల్ హౌస్ బాగుంటేనే. చక్కెర సీసాలకి చీమలు పడతాయి, ఉక్కపోతకి నీళ్లు పులుస్తాయి. నా జాతకం ఇంకా బాగుండి, నాలుగో వారంలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, రాత్రంతా కిటికీ రెక్కలు కొట్టుకున్న శబ్దం. స్ట్రెస్ గ్రూపూ కంట్రోల్ గ్రూపూ రెండూ చక్కెర నీళ్లు ముట్టలేదు. కంట్రోల్ గ్రూపుకి తుఫాను స్ట్రెస్ ఇచ్చేసింది మరి. డేటా అంతా పక్కన పడేశాం.

అల్జీమర్స్ గురించి తక్కువలో చెబుతాను, ఎందుకంటే మన బడ్జెట్‌లో మంచి దారి లేదు. స్కోపొలమిన్ ఇచ్చి మతిమరుపు తెప్పించి, డోనెపెజిల్‌తో తగ్గించడం గుండ్రంగా తిరిగి మొదటికే రావడం. జ్ఞాపకానికి కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకున్నారు, ఎసిటైల్‌కోలిన్ పెంచే మందు ఇచ్చారు, తగ్గకపోతేనే ఆశ్చర్యం. జన్యువులు మార్చిన చిట్టెలుకల్లో, 1996 నాటి టీజీ2576 మొదలుకొని ఐదు మ్యుటేషన్లున్న ఫైవ్ ఎక్స్ ఫ్యాడ్ దాకా, అమిలాయిడ్ గడ్డలు బాగానే వస్తాయి. కానీ అవి వంశపారంపర్యంగా వచ్చే అరుదైన రకానికి నకలు, మనిషి జబ్బులో కనబడే టౌ అనే ప్రొటీన్ చిక్కుముడులు వాటంతట అవి రావు. 1999లో చిట్టెలుకల్లో గడ్డల్ని కరిగించిన టీకాను మనుషులకిస్తే సుమారు 6 శాతం మందికి మెదడు వాచింది, 2002లో ఆపేశారు. అలాగని ఆ చిట్టెలుకలు పూర్తిగా అబద్ధమాడాయని అనలేం. 2023లో అనుమతి వచ్చిన లెకానెమాబ్ గడ్డల్ని తీసేసింది, అంతవరకు ఎలుకల జోస్యం నిజమే. పద్దెనిమిది నెలల్లో జబ్బు ముదిరే వేగం మాత్రం 27 శాతమే తగ్గింది. గడ్డల గురించి అడిగితే సరిగ్గా చెప్పే మోడల్, అమ్మమ్మ మనవణ్ణి గుర్తుపడుతుందా అని అడిగితే చెప్పలేదు.

స్ట్రోక్‌లో లెక్క ఇంకా భయంకరం. 2006 నాటికి జంతువుల మీదో ల్యాబ్‌లోనో పరీక్షించిన చికిత్సలు 1,026 అని ఒక సమీక్ష లెక్కతేల్చింది. రక్తపు గడ్డ కరిగించే టీపీఏ లాంటి ఒకటి రెండు తప్ప రోగి మంచం దాకా చేరినవి లేవు. ఎన్ఎక్స్‌వై-059 అనే మందు ఎలుకల్లోనూ మార్మోసెట్ కోతుల్లోనూ పనిచేసి, పెద్ద ట్రయల్‌లో చతికిలబడింది. కేజీహెచ్ వార్డులో స్ట్రోక్‌తో పడుకున్న మనిషిని తలుచుకోండి: అరవై దాటిన వయసు, బీపీ, షుగర్, ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి నాలుగైదు గంటలు. మన ఎలుక కుర్ర మగ ఎలుక, ఏ జబ్బూ లేదు, మందేమో రక్తనాళం మూసే ముందే ఇచ్చేశాం. పైగా ఒంటి వేడిని తగ్గించే మందు ఏదైనా మెదడుని కాపాడినట్టే కనబడుతుంది, చల్లదనమే కాపాడుతుంది కాబట్టి. మలద్వారం దగ్గర థర్మామీటర్ పెట్టకుండా చేసిన స్ట్రోక్ ప్రయోగాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూసిన తర్వాత కనీసం రెండు గంటలకు మందివ్వలేకపోతే ఈ మోడల్ వదిలేయండి.

మధ్యలో జీబ్రా చేపల్ని అడుగుతారు చాలామంది. ఇది మన దేశపు చేపే. 1822లో గంగానది చేపల గురించి రాస్తూ ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఇందులో జోడీ ఉంది. పీటీజడ్ కలిపిన నీళ్లలో పిల్లచేపలు సుడులు తిరుగుతాయి, ఒక్క ప్లేటులో తొంభై ఆరు పరీక్షలు. పది సారాల్లో ఏది ముందుకి తీసుకెళ్లాలో తేల్చడానికి భేష్. చివరి జవాబుకి చేప చాలదు. చేపే కదా అని ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు, వెన్నెముక ఉన్న జంతువే అది కూడా.

అనుమతి అన్నాను కాబట్టి: దానికోసం నింపే ఫామ్-బిలో ఈ మోడలే ఎందుకు, ఇన్ని జంతువులే ఎందుకు అన్న గడుల్ని జూనియర్లు సీనియర్ ఫామ్ చూసి కాపీ కొడతారు. నేను మొదట అడిగిన ప్రశ్నకి అక్కడే జవాబు రాయండి. ఈ మోడల్‌లో పనికిరాని మందు పనికిరానిదిగా తేలుతుందని ఏ ఆధారంతో అంటున్నారు? మనుషుల్లో ఫెయిలైన మందు ఒకటి కూడా గ్రూపుల్లో పెట్టండి. స్టాండర్డ్ మందు పనిచేసిందని చూపించడం అందరూ చేస్తారు, పనిచేయకూడనిది పనిచేయలేదని చూపించినవాళ్లని నేను ఇప్పటిదాకా ఇద్దరినే చూశాను.

ఇక లెక్క రాసేవాళ్లకి ఏ ఎలుక ఏ గ్రూపో తెలియకూడదు. తోక మీద పిక్రిక్ యాసిడ్ పసుపు గీతలు చూసి మనకి తెలిసిపోతుంది, మన వేలు స్టాప్‌వాచ్ మీద కొంచెం ఆలస్యంగా పడుతుంది. పంజరాలకి నంబర్లు మార్చే పని హాస్టల్‌లో పక్క గది స్నేహితురాలికి అప్పజెప్పండి. ఆ అమ్మాయి మొక్కల మందులు చదివే ఫార్మకోగ్నసీ అయితే మరీ మంచిది, మీ గ్రూపులు ఆమెకి అర్థం కావు, మీరు ఎంత బతిమాలినా చెప్పదు.